క్రొత్త గిటారు

క్రొత్త వాద్యమున లోపముండదని పెక్కండ్రు తలంతురు. మా సంగీత బృందమునకై కొనిన ఎలక్ట్రిక్ గిటారు రెండవ వారముననే చిటపటలాడ నారంభించెను. వార్షికోత్సవమునకు నాలుగు దినములే యుండెను. దుకాణమునకు మరలింపవలెనని మాలో కొందఱనిరి.

1932లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన ఎలక్ట్రిక్ గిటారులు మొదలు నేటివఱకు ఈ వాద్యపు మర్మమొక్కటే. ఉక్కుతంత్రి కంపింపగా, దాని క్రింద అయస్కాంతముతో కూడిన రాగితీగ చుట్టలో విద్యుత్తు పుట్టి, కేబులు గుండ యాంప్లిఫయరును చేరును. ఆ దారిలో ఎచ్చట పట్టు సడలినను ధ్వని చెడును. మేము వెదకి చూడగా, కేబులు దూర్చు జాకు నట్టు వదులై యుండెను. నట్టును మాత్రమే త్రిప్పినచో జాకును దానితో తిరిగి, లోపలి టంకము ఊడవచ్చును. కావున పలక విప్పి, ఒకరు జాకును కదలకుండ పట్టుకొనగా మఱియొకరు నట్టు బిగించిరి. చిటపట మానెను.

భుజపట్టీ తగిలించు బొత్తాము మరమేకును వదులై యుండెను. అది ఊడిన గిటారు నేలగూలును. రంధ్రమున కొయ్యజిగురుతో సన్నని పుల్ల నుంచి, ఆఱిన పిమ్మట మరల బిగించితిమి.

సోదర విద్యార్థులారా! అల్పలోపమునకై మంచి వస్తువును త్రోసివేయరాదు. అల్పమే కదా యని ఉపేక్షింపనురాదు.