గొంగడి మాకు, బూడిద వాళ్లకు

కార్తీకం ఇంకా రానేరాదు, మా కరీంనగర్ ఇళ్లల్లో ట్రంకుపెట్టెలు తెరుచుకుని స్వెట్టర్లు, మఫ్లర్లు బయటపడతాయి. ఇక ఆదిలాబాద్ వైపు తెల్లవారుజామున బస్సెక్కామా, గొంగడి కప్పుకున్నా ఇగానికి పళ్లు టకటకలాడాల్సిందే. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడి రాజ్‌గోండు మగవాళ్లు చొక్కాలు విప్పి, ఒంటికి బూడిద పూసుకుని వీధిలోకి వస్తారు!

దీపావళికి ముందు మొదలయ్యే దండారి పండుగలో వీళ్లే గుస్సాడీలు. పెళ్లికి మనం గంటసేపు ముస్తాబైతే ఇంట్లో సణుగుడు మొదలవుతుంది కదా, ఆ మగమహారాజులకు ఈ ముస్తాబు చూపించాలి. నెమలి ఈకలతో కట్టిన ఇంత పెద్ద కిరీటం, దానికి కొమ్ములు, మెడనిండా పూసలు, భుజాన మేకతోలు, నడుముకూ కాళ్లకూ గజ్జెలు, చేతిలో కర్ర. కొందరికి పెట్టుడు గడ్డాలు కూడానూ. అలా ఊరూరికీ వెళ్లి డప్పు, తుడుం మోతకు ఆడతారు. దీక్ష ముగిసేదాకా స్నానం లేదు. ఆ మాట విని మా అత్తగారు ముక్కున వేలేసుకున్నారు గానీ, కిరీటం పెట్టుకున్నవాడిలో దేవుడున్నాడని వాళ్ల నమ్మకం.

ఉట్నూరులో మా చెల్లెలి కొడుక్కి బడిలో వేషాల పోటీ వచ్చింది. కిరీటం ఒక్కపూట ఇమ్మని మా మరిది తెలిసిన గోండు పెద్దాయన్ని అడిగాడు.

"అది బొమ్మ గాదు బిడ్డా. పూజ జేసి దించుతం, పూజ జేసి పెడ్తం."

"మరి సభలల్ల మీ పిల్లలు ఆడుతరు గద, తాతా?"

"ఆడ్తరు. నాలుగు పైసలు వస్తయి, పేరొస్తది. వద్దంటె ఎట్ల?" అని కాసేపు ఊరుకున్నాడు. "మొక్కి పెట్టుకుంటున్నరో లేదో, గదే నా రంది."

పేరు రావడం మాట నిజమే. మార్లవాయి కనకరాజు ఈ ఆటను ఎందరికో నేర్పి, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఆయన పోయారు. ఆ గౌరవానికి నేనూ మురిసిపోయాను. కానీ ఎవరో పెద్దమనిషి కారు దిగుతారని, దేవుణ్ణి తలకెత్తుకున్న మనుషుల్ని గంటలకొద్దీ ఎండలో నిలబెట్టడం మాత్రం నాకు గిట్టదు. అదే పనికి మన పూజారుల్ని నిలబెడతామా, చెప్పండి?

మా పిల్లవాడు చివరికి పోస్ట్‌మాన్ వేషం వేశాడు. ఖాకీ చొక్కా కింద రెండు స్వెట్టర్లు.