తిమ్మిరి నేర్పిన పాఠం

పిల్లలూ! కాళ్ళు మడిచి చాలాసేపు కూచుని, లేవబోయి ఎప్పుడైనా తూలిపడ్డారా? పడే ఉంటారు. నేను అరవై ఆరో ఏట, పదిహేనుమంది చిన్నపిల్లల ఎదట అలా పడ్డాను. అది ఎలా జరిగిందో, దానివల్ల నాకేం తెలిసివచ్చిందో చెబుతాను.

మా అమ్మాయీ, అల్లుడూ జపానులో, టోక్యో నగరంలోని నిషికసాయ్ అనే పేటలో ఉంటున్నారు. మన దేశంవాళ్ళు చాలామంది ఉండే పేట అది. నిరుడు నేను వాళ్ళ దగ్గిరికి వెళ్ళి మూడు నెలలున్నాను. తొమ్మిదేళ్ళ మా మనవడు ప్రతి శనివారం అయికిడో నేర్చుకుంటున్నాడు. ఎదటివాడి బలానికి అడ్డుపడకుండా, ఆ బలాన్నే ప్రక్కకు మళ్ళించి వాణ్ణి పడగొట్టే విద్య అది. మొరిహెయ్ ఉయెషిబా (1883-1969) అనే ఆయన దాన్ని రూపొందించాడు. అలాటి విద్యలు నేర్పే చోటును "డోజో" అనీ, గురువును "సెన్సే" అనీ అంటారు.

మొదటి శనివారం వాడివెంట నేనూ వెళ్ళాను. పిల్లలంతా చెప్పులు గడప దగ్గిర విడిచి, చాపల మీద వరసగా మోకాళ్ళు మడిచి, మడమల మీద కూచుని కళ్ళు మూసుకున్నారు. అంతవరకూ అల్లరిచేసిన పిల్లలు ఒక్క క్షణంలో బొమ్మల్లాగా అయిపోయారు. ఇలా కూచోవటాన్ని "సెయిజా" అంటారు. "సరిగా కూచోవటం" అని దాని అర్థం.

సెన్సే నాకోసం గోడవారగా కుర్చీ వేయించాడు. నేను మనవడితో, "కుర్చీ ఎందుకురా? ఇది మన వజ్రాసనమే గదా! బళ్ళో ఎంతమంది పిల్లలచేత వేయించానో!" అన్నాను.

"చాలాసేపు కూచోవాలి, తాతయ్యా. కాలు నొప్పిపెడితే చెప్పు," అన్నాడు వాడు.

"నువ్వు నాకు చెప్పేవాడివయ్యావుట్రా!" అని నేను వరస చివర కూచున్నాను.

అయిదు నిమిషాలు హాయిగానే ఉంది. ఆ తరవాత చీలమండలు లాగసాగాయి. మరి కాసేపటికి పాదాల్లో చీమలు పాకాయి. ఆ తరవాత చీమలు కూడా పోయాయి. పాదాలు ఉన్నాయో లేవో తెలియలేదు! నా ప్రక్కనున్న ఏడేళ్ళ పిల్ల కాలివేళ్ళు అటూ ఇటూ మార్చుకుంటున్నది. ఇంకో కుర్రాడు చెయ్యెత్తి సెన్సేని అడిగి, మఠం వేసుకుని కూచున్నాడు. నేనుమాత్రం కదలలేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లల్ని కదలకుండా కూచోబెట్టినవాణ్ణి, నేనెలా కదులుతాను?

చివరకు అందరూ వంగి నమస్కారం చేసి, నెమ్మదిగా లేచారు. నేను కుర్చీలోంచి లేచినట్టు ఒక్కసారిగా లేచాను. నేల ఎక్కడున్నదో నా పాదానికి తెలియలేదు. నరికిన అరటిచెట్టులాగా ప్రక్కకు కూలిపోయాను.

ఒక్క పిల్లవాడూ నవ్వలేదు. సెన్సే వచ్చి నా ప్రక్కన మోకాళ్ళ మీద కూచుని మెల్లిగా ఏదో చెప్పాడు. మా మనవడు దాన్ని తెలుగులో చెప్పాడు: "వెంటనే లేవద్దట, తాతయ్యా. కాళ్ళు చాపుకుని, స్పర్శ తెలిసేదాకా ఉండాలట. నొప్పిగా ఉందని చెప్పటం తప్పు కాదట."

ఆ చివరి మాట వినగానే నా మనసు 1986కు పోయింది.

అప్పుడు నేను కుర్ర మాస్టర్ని. అయిదో తరగతిలో ఒక కుర్రాడు లెక్కలు చేసుకురాలేదని, పీరియడంతా మోకాళ్ళ మీద ఉండమన్నాను. ఆ రోజుల్లో ఇలాటి శిక్షలు వింతకావు. వాడు కొంతసేపటికి మడమల మీదికి వాలిపోయి, "కాళ్ళు లాగుతున్నాయండీ," అన్నాడు. నేను వినిపించుకోలేదు. గంట కొట్టాక లేవబోయి దబ్బున పడ్డాడు. తరగతంతా గొల్లున నవ్వింది. "నాటకాలాడకు, లే!" అన్నాన్నేను. వాడు నాటకం ఆడలేదని, ఇన్నేళ్ళ తరవాత జపానులో చాపమీద పడి ఉండగా నాకు తెలిసింది!

ఇంతకూ ఈ తిమ్మిరి ఎందుకు వస్తుంది? మన శరీరంలో నరాలు తంతితీగల లాటివి. మోకాలి వెనకనుంచీ, బయటిప్రక్కనున్న ఎముక మీదనుంచీ కొన్ని నరాలు పాదానికి దిగుతాయి. మడమల మీద కూచుంటే శరీరం బరువంతా కాళ్ళ మీద పడి ఈ నరాలను నొక్కుతుంది. వాటికి రక్తాన్ని తెచ్చే సన్నని నాళాలు కూడా నొక్కుకుపోతాయి. అప్పుడు పాదంనుంచి మెదడుకు వార్తలు సరిగా పోవు. మెదడు ఆజ్ఞలు పాదానికి అందవు. అందుకే పాదం మొద్దుబారుతుంది. కాలు చాపగానే నరాలు మేలుకుంటాయిగాని, అన్నీ ఒక్కసారిగా మేలుకోవు. నిద్రలేచిన పిల్లల్లాగా ఇష్టం వచ్చినట్టు కేకలు పెడతాయి. ఆ కేకలే మనకు సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు ఉంటాయి. మామూలుగా కొద్ది నిమిషాల్లో అంతా సర్దుకుంటుంది. అయితే నరం మరీ ఎక్కువసేపు నొక్కుకుపోతే దెబ్బతిని, పాదం పైకెత్తటం కొన్నాళ్ళపాటు కష్టం కావచ్చు.

జపాను పిల్లలకు తిమ్మిరి రాదనుకున్నాను. ఎందుకు రాదు! ఇప్పుడు వాళ్ళ ఇళ్ళల్లోనూ కుర్చీలూ, బల్లలే. పూర్వం కూడా జపానువాళ్ళు ఎప్పుడూ ఇలాగే కూచునేవారు కారు. యోధులు మఠం వేసుకునీ, ఒక మోకాలు పైకి పెట్టుకునీ కూచునేవారు. ఎడో కాలంలో (1603-1868) ప్రభువుల ఎదట మర్యాదకు ఇలా కూచోవటం స్థిరపడింది. ఇళ్ళల్లో గడ్డితో చేసిన దళసరి చాపలు పరచటం పెరిగినకొద్దీ ఇది జనంలోకీ వచ్చింది. తిమ్మిరి పోవాలంటే వేలు తడిచేసుకుని నుదుట అద్దుకోవాలని అక్కడ ఒక పాత నమ్మకం ఉంది. మా మనవడు నా నుదుట అద్ది చూశాడు. తిమ్మిరి పోలేదుగాని, ఇద్దరికీ నవ్వు వచ్చింది!

రెండో శనివారంనుంచి నేను బుద్ధిగా పాఠం నేర్చుకున్నాను. ముందు ఎడమ మోకాలు, తరవాత కుడి మోకాలు నేలకు ఆనించాలి. మోకాళ్ళ మధ్య ఒకటి రెండు పిడికిళ్ళ ఎడం ఉంచాలి. కాలి బొటనవేళ్ళు ఒకదాని మీద ఒకటి ఉంచి, అప్పుడప్పుడూ క్రిందిదాన్ని పైకి మార్చుకోవాలి. వీపు నిటారుగా పెట్టి, బరువంతా మడమల మీద పడకుండా రవంత ముందుకు వాలాలి. లేచేముందు నడుము ఎత్తి, కాలివేళ్ళు నేలకు ఆనేలాగా మడిచి, వాటి మీద కాసేపు ఆగాలి. స్పర్శ తెలిశాకనే ఒక పాదం ముందుకు వేసి లేవాలి. మొదట్లో రెండు మూడు నిమిషాలు చాలు. రోజురోజుకూ కొంచెం పెంచుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. తిమ్మిరి వేరు, మోకాలిలో పోటు వేరు. తిమ్మిరి ఎక్కితే అడిగి కాళ్ళు మార్చుకోవాలి. మోకాలిలో పోటు వస్తే ఒక్క క్షణం కూడా ఓర్చుకోరాదు, వెంటనే లేవాలి. నాలాటి పెద్దవాళ్ళు కుర్చీలో కూచుంటే మర్యాదకు లోటేమీ లేదు.

జపాను బళ్ళల్లోనూ ఒకప్పుడు ఇలా కూచోబెట్టి శిక్షించటం ఉండేది. ఇంటిపని మరిచిన పిల్లవాణ్ణి సెయిజాలో కూచోబెట్టి, వాడు బాధగా ఉందన్నా లేవనివ్వకపోతే అది దండనే అవుతుందని ఆ దేశపు విద్యాశాఖ 2013లో బళ్ళకు స్పష్టంగా వ్రాసింది. మన దేశంలో కూడా 2009లో చేసిన విద్యాహక్కు చట్టం పిల్లల్ని శారీరకంగా దండించటాన్ని నిషేధించింది. కూచునే తీరు ఒకటే. ఇష్టంతో కూచుని, కావలసినప్పుడు లేవగలిగితే అది విద్య. లేవటానికి వీలులేకపోతే అది శిక్ష.

ఊరికి తిరిగి వచ్చాక నేను ఆ కుర్రాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాను. కుర్రాడేమిటి, యాభై ఏళ్ళవాడు! ఎరువుల కొట్టు నడుపుతున్నాడు. నన్ను చూసి లేచి, "రండి మాస్టారూ!" అని స్టూలు వేశాడు. నేను జపానులో పడిన సంగతి చెప్పి, "ఆనాడు నేను చేసింది తప్పు, నాయనా," అన్నాను.

అతను కొంచెంసేపు తూకంరాళ్ళు సర్దుతూ ఊరుకున్నాడు. తరవాత, "కాళ్ళ నొప్పి ఆ సాయంత్రానికే మరిచిపోయాను, మాస్టారూ. మీరు నాటకం అన్నారే, అది మాత్రం మరవలేదు," అన్నాడు.

నేను తల వంచుకున్నాను. అతనే టీ తెప్పించాడు. ఇద్దరం తాగాం.

పిల్లలూ, మీరు ఏ విద్య నేర్చుకున్నా కొంత కష్టం తప్పదు. దాన్ని కొద్దికొద్దిగా అలవాటు చేసుకోండి. అయితే ఓర్చుకోలేనప్పుడు చెప్పటానికి సిగ్గుపడకండి. నేను సిగ్గుపడే పడ్డాను. పెద్దలారా, మీ పిల్లవాడు నొప్పిగా ఉందంటే ముందు నమ్మండి. నిజమో కాదో తరవాత చూసుకోవచ్చు.

నేనిప్పుడు కూడా రోజూ పొద్దున్నే అయిదు నిమిషాలు సెయిజాలో కూచుంటున్నాను. కాలివేళ్ళు మడిచి, కాసేపు ఆగి, నెమ్మదిగా లేస్తాను.