ఆ నగరంలో న్యాయస్థానం ఎక్కడ?

‘సిన్ సిటీ’ చూసినవారు సాధారణంగా నాలుగు ప్రశ్నలు అడుగుతారు. తెర అంతా నలుపు తెలుపులైతే నడుమ ఆ ఎరుపు, ఆ పసుపు ఎందుకు? ఏ కథ ముందు జరిగింది, ఏది తరువాత? దర్శకుడు ఒక్కడా, ముగ్గురా? నాలుగో ప్రశ్నను సగం నవ్వుతూ అడుగుతారు: ఇంతమంది చచ్చిపోతుంటే ఆ ఊళ్ళో పోలీసులూ కోర్టులూ ఏమయ్యాయి? మొదటి మూడింటికీ జవాబు ఆ సినిమాతోనే ముగుస్తుంది. నాలుగోది మాత్రం తెర దిగి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల దాటి, సరిహద్దు అవతల ఉన్న పామేడు దాకా వస్తుంది.

ముందు ఆ మూడింటి సంగతి. 2005లో వచ్చిన ఈ చిత్రానికి మూలం ఫ్రాంక్ మిల్లర్ 1991లో మొదలుపెట్టిన బొమ్మల కథలు. నల్లని సిరా, తెల్లని కాగితం. చూపు నిలవాలనుకున్న చోట మాత్రమే ఒక రంగు. రాబర్ట్ రోడ్రిగెజ్ ఆ పుటలను చెదరనివ్వకుండా తెరమీదికి ఎత్తాడు. అందుకే మిల్లర్‌ను సహదర్శకుడిగా గౌరవించాడు. అమెరికా దర్శకుల సంఘం నిబంధనలు అందుకు అడ్డువస్తే సభ్యత్వమే వదులుకున్నాడు. క్వెంటిన్ టారంటినో ఒక్క సన్నివేశానికి అతిథి. ఇక కథల వరుస: పోలీసు అధికారి హార్టిగన్ కథ రెండు ముక్కలై మిగిలిన పెద్ద కథలకు ముందొకటి, వెనకొకటి నిలుస్తుంది. ఆ రెంటి మధ్య అతని ఎనిమిదేళ్ళ జైలు జీవితం ఉంది.

నాలుగో ప్రశ్నకు ‘అక్కడ చట్టం లేదు’ అన్న జవాబు తొందరపాటు. ఆ నగరంలో చట్టం ఉంది, జైలు ఉంది, మరణశిక్ష వేసే కుర్చీ కూడా ఉంది. అవి పనిచేసే తీరే వేరు. సెనేటరు కొడుకు చేసిన నేరం హార్టిగన్ మెడకు చుట్టుకుంటుంది. చేయని ఆ నేరాన్ని ఒప్పుకుంటే తప్ప అతను జైలు దాటలేడు. మార్వ్ తల్లిని చంపుతామని బెదిరిస్తేనే అతను ఒప్పుకోలుపత్రం మీద సంతకం చేస్తాడు. న్యాయవ్యవస్థ అక్కడ చేసే పని ఒకటే: బలవంతుడు రాసిన అబద్ధానికి ముద్ర వేయడం. కోర్టు అలా అమ్ముడుపోయాక కథానాయకుడు తుపాకి తీస్తే ప్రేక్షకుడికి అభ్యంతరం ఉండదు. కల్పిత నగరానికి ఆ స్వేచ్ఛ ఉంది. దానికి జనాభా లెక్కలు లేవు, ఓటర్ల జాబితా లేదు, చనిపోయినవారి కోసం ఎదురుచూసే తల్లులు లేరు.

పామేడుకు అవన్నీ ఉన్నాయి. అది ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, తెలంగాణను ఆనుకొని ఉన్న ఊరు. సొంత జిల్లా కేంద్రానికి వెళ్ళాలంటే ఆ ఊరివారు దశాబ్దాల పాటు తెలంగాణలోకి దిగి చుట్టు తిరిగి వెళ్ళవలసి వచ్చింది. బస్తర్ అడవి మీద వచ్చే సినిమాలకు మాత్రం ఇలాంటి ఊరితో పని తక్కువ. వాటికి కావలసింది నల్లని అడవి, అందులో ఎర్రని మరక.

2024లో వచ్చిన ‘బస్తర్: ద నక్సల్ స్టోరీ’ ప్రచార చిత్రంలో పోలీసు అధికారి పాత్ర వామపక్షీయులను నడివీధిలో నిలబెట్టి కాల్చేస్తానంటుంది. ఆ మాటకు చప్పట్లు కొట్టిన ప్రేక్షకుడు తాను చూస్తున్నది సిన్ సిటీని కాదన్న సంగతి మరిచిపోయాడు. మరోవైపు 2022 నాటి ‘విరాటపర్వం’ చూసిన తెలుగు ప్రేక్షకులు అడిగిన ప్రశ్న ‘వెన్నెలను ఎందుకు చంపారు?’ అని. ఆమె నమ్మి వెళ్ళిన దళమే ఆమెను అనుమానించింది, అనుమానమే తీర్పయింది. ఒకచోట విచారణ అక్కరలేదన్నది అధికారం, మరొకచోట తిరుగుబాటు. రెండు వైపులా లేనిది న్యాయస్థానమే.

దండకారణ్యాన్ని ఈ నలుపు తెలుపుల నుంచి కొంతైనా తప్పించింది అమిత్ మసూర్కర్ తీసిన ‘న్యూటన్’, 2017లో. డెబ్బై ఆరుగురు ఓటర్ల కోసం నిబంధనల పుస్తకం పట్టుకొని అడవికి వెళ్ళిన గుమాస్తా కథ అది. ‘చట్టాన్ని అంతగా నమ్మినవాడు చివరికి తుపాకి ఎందుకు ఎక్కుపెట్టాడు?’ అని చాలామంది అడిగారు. గడువు ముగిసేలోగా మిగిలిన కొందరు ఓటు వేయాలి. అడ్డంగా నిలిచింది తన రక్షణకు వచ్చిన బలగమే. గడువు తీరగానే అతను తుపాకి దించేస్తాడు, దెబ్బలు తింటాడు. మార్వ్ తుపాకికీ ఈ తుపాకికీ తేడా ఆ దించడంలో ఉంది.

బస్తర్‌లో కోర్టు లేదనడానికి వీల్లేదు. 2007 మార్చిలో బీజాపూర్ ప్రాంతంలోని రాణిబోదిలిలో మావోయిస్టులు 55 మంది పోలీసులను, ప్రత్యేక పోలీసు అధికారులను చంపారు. అంత హింస నడుస్తున్న నేల గురించే 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది. గిరిజన యువకులకు తుపాకులిచ్చి యుద్ధానికి పంపడం రాజ్యాంగ విరుద్ధమన్నది. ఆ తీర్పు జోసెఫ్ కాన్రాడ్ ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ను తలచుకుంది: చీకటి అడవిది కాదు, అక్కడికి వెళ్ళిన అధికారానిది. అదే ఏడాది రాష్ట్రం కొత్త చట్టం చేసి ఆ యువకులనే సహాయక సాయుధ దళంలో చేర్చుకుంది. అలా చట్టం చేయడం కోర్టు ధిక్కారం కాదని 2025లో సుప్రీంకోర్టే తేల్చింది. ఆ ఏడాది ఆగస్టులో, సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి అభ్యర్థిగా నిలబడినప్పుడు, ఆ తీర్పు రాకపోతే నక్సలిజం 2020 నాటికే ముగిసేదని కేంద్ర హోంమంత్రి ఆరోపించారు. ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఒక మనిషి మీద నేరారోపణగా మారింది.

2012 జూన్ చివర ఒక రాత్రి, ఇదే జిల్లాలోని సర్కెగూడలో కాల్పులకు 17 మంది బలయ్యారు. పక్క ఊళ్ళు కొత్తగూడ, రాజ్‌పెంట. ఆ పేర్లు తెలుగు చెవికి పరాయివి కావు. మృతులు మావోయిస్టులనడానికి తగిన సాక్ష్యం లేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ చెప్పేసరికి 2019 వచ్చింది. హార్టిగన్‌కు పట్టిన ఎనిమిదేళ్ళకు ఇవి ఒక్క ఏడాదే తక్కువ. ఆ కథలో అబద్ధం ఒప్పుకుంటే తలుపు తెరుచుకుంది. ఇక్కడ నిజం బయటపడ్డా తలుపు తెరుచుకోలేదు.

కాబట్టి బస్తర్ మీద తీసిన ఏ సినిమా చూసినా ‘ఇందులో మంచివాడెవరు?’ అన్నది ఆఖరి ప్రశ్న కారాదు. తుపాకుల మోత ఆగాక కూడా అడగవలసిన ప్రశ్న మిగులుతుంది: తీర్పు వచ్చింది, నివేదిక వచ్చింది, తరువాత ఏం చేశారు? బేసిన్ సిటీ పౌరులు దాన్ని అడగలేరు. వారు కాగితం మీది బొమ్మలు. పామేడు పౌరులు అడగగలరు. వారి తరఫున అడగవలసిన బాధ్యత, సినిమా చూసి ఇంటికి వెళ్ళే ఓటరుకూ ఉంది.