పరుగు ఒక్కటే చాలదు, పస్తు అసలే వద్దు

కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న మన పిల్లలు ఈ మధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు: "అక్కా, తొందరగా బరువు తగ్గాలంటే ఏం తినకూడదు?" అసలు ఎంత తింటున్నాం, ఎంత కదులుతున్నాం అన్నది ముందు చూసుకోవాలి. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మన్యంలో మా ఇంట్లో ఎవరూ బరువు గురించి మాట్లాడుకోగా నేను వినలేదు. పొద్దున్నే చోడి అంబలి తాగి కొండపోడుకి వెళ్తే మధ్యాహ్నం దాకా పనే. కట్టెలకీ, నీళ్లకీ, సంతకీ నడకే. కంచం నిండా తిన్నా ఒంట్లో నిలిచేది కాదు. చదువుకి విశాఖ వచ్చాక కంచం అదే, కొండ మాత్రం లేదు. రోజంతా కూర్చుని చదవడం, సాయంత్రమైతే టీ, బజ్జీలు. రెండేళ్లలో 9 కేజీలు పెరిగాను.

ఒక లెక్క చూడండి. 60 కేజీల మనిషి 1600 మీటర్లు పరుగెత్తితే ఖర్చయ్యేది సుమారు 100 కేలరీలు. 100 గ్రాముల వండిన అన్నంలోనే 130 దాకా ఉంటాయి. ఒక చిన్న సీసా కూల్‌డ్రింక్ తాగితే ఆ పరుగంతా అక్కడికక్కడే సరి. అందుకే తిండి చూసుకోకుండా పరుగుతోనే తగ్గుదామంటే కుదరదు.

అలాగని తిండి మానేసి గ్రౌండ్‌కి వెళ్లడం ఇంకా ప్రమాదం. మా హాస్టల్లో ఒక చెల్లి రెండు రోజులు టీ, బిస్కెట్లతో గడిపి, మూడోరోజు రెండో రౌండులోనే కళ్లు తిరిగి పడిపోయింది. తిండి మరీ తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. కండ లేకపోతే పరుగెక్కడిది? పైగా మన ఆడపిల్లల్లో రక్తం తక్కువ ఉన్నవాళ్లు చాలామంది. సికిల్ సెల్ కూడా మన ప్రాంతాల్లో ఉంది. ఆ జబ్బు ఉన్నవాళ్లు సరిగా నీళ్లు తాగకుండా, శక్తికి మించి పరుగెత్తితే ప్రాణం మీదికి రావచ్చు. 2023లో మొదలైన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్ల లోపు వాళ్లకి పరీక్షలు చేస్తున్నారు. ప్రాక్టీసు మొదలుపెట్టక ముందే పీహెచ్‌సీలో అడిగి చేయించుకోండి. జబ్బు ఉందని తేలితే డాక్టర్ని అడక్కుండా పరుగు జోలికి పోవద్దు.

నేను చేసింది ఇంతే. రాత్రి అన్నం మూడో వంతు తగ్గించి, ఆ చోట పప్పు, ఆకుకూర వేసుకున్నా. మెస్‌లో గుడ్డు పెట్టిన రోజు వదల్లేదు. ఇంటి నుంచి చోడిపిండి, రాజ్మా తెచ్చుకున్నా. బజ్జీలు ఆదివారానికే. పరుగుకి ముందు ఒక అరటిపండు, తర్వాత నీళ్లు, టిఫిన్. వారానికి ఐదు రోజులు పరుగు, కాలేజీకి రోజూ నడక. ఆరు నెలల్లో 7 కేజీలు తగ్గాను. వారానికి అర కేజీకి మించి తగ్గాలని తొందరపడొద్దు. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెడితే ఆ తొందర ఉండదు.

మీ రూములో ఎవరైనా పస్తుండి పరుగుకి బయల్దేరితే, ముందు ఒక గ్లాసు అంబలి తాగించండి. ఈ పోస్టు తర్వాత చూపించొచ్చు.