బండి వచ్చినగాని పెండ్లి లేదు

2022వ సంవత్సరము జూలై 30వ తేదీన స్కార్పియో-ఎన్ అను కారునకు అరగంటలో లక్ష బుకింగులు వచ్చెను. పిదప పలువురు నెలల తరబడి కాచుకొనిరి. లైసెన్సుల కాలమున మన పెద్దలును బజాజు స్కూటరునకై ఏండ్ల తరబడి కాచుకొన్నవారే. అది సరకు లేమి. ఇది మన యాబ.

మా పెద్దమ్మాయికి హైటెక్ సిటీలో ఉద్యోగము చేయు వరుడు కుదిరెను. కట్నము వలదనిరి, సంతసించితిమి. "అబ్బాయి రాయదుర్గము దాక మెట్రోలో నిలుచుండి పోవుట బాగుండదు గదా!" అనిరి వియ్యాలవారు. ఏ బండి కావలెనో కూడ వారే చెప్పిరి. బయానా కట్టితిమి. ఆఱు మాసములకు గాని రాదని తెలియగా, "అయినచో ముహూర్తమును అప్పుడే పెట్టుకొందము" అనిరి.

కన్య సిద్ధము, వరుడు సిద్ధము, రావలసినది బండియే! 1961 నాటి వరకట్న నిషేధ చట్టము పుచ్చుకొన్నవానితోపాటు ఇచ్చినవానిని గూడ నేరస్థుడనుచున్నది. బడిలో నీతిపాఠము చెప్పు మేము ఆ రసీదును జేబులో పెట్టుకొని తిరిగితిమి.

అమ్మాయి దానిని చూచి, "నాన్నగారూ, వచ్చిన పిదప ఆ బండికే మూడుముళ్లు వేయుమనుడు" అనెను.

మఱునాడు బుకింగు రద్దు చేసితిమి, సంబంధమును గూడ. బయానా వెంటనే తిరిగి వచ్చినది. అమ్మాయి యెదుట తల యెత్తుటకు మాత్రము మాకు చాల దినములు పట్టినది.