ఉల్టా కూడా సీదానే!

చీరల షాపులో పెద్దవాళ్లను గమనించండి. కొంగు చేతికి రాగానే ముందు తిరగేసి చూస్తారు. ప్రింటు చీరయితే వెనకవైపు వెలవెలబోతుంది. అదే పోచంపల్లి చీరయితే రెండువైపులా ఒక్కలాగే ఉంటుంది. నేయకముందే నూలును అక్కడక్కడా కట్టి రంగుల్లో ముంచుతారు కదా, అందుకే డిజైను బట్ట పైన కాక పోగులోనే ఉంటుంది. అంతకుముందు ఆసు పోయాలి. అంటే కొయ్యల చుట్టూ దారాన్ని చేత్తో వేలసార్లు తిప్పాలి. తల్లి లక్ష్మి పడే ఆ అవస్థ చూడలేకే ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రాన్ని తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

అంత కష్టపడి నేసిన బట్టను లోపలివైపు దాచేస్తామా?

ఈ ప్రశ్న మా ఇంట్లోనే వచ్చింది. అమ్మది నల్గొండ వైపు. ఆమె పోయాక నాకు మిగిలిన వాటిలో ఓ పోచంపల్లి నూలు చీర ఉంది. అత్తమ్మది పాలమూరు. ఆమె దగ్గర గళ్లగళ్ల నారాయణపేట చీర ఉంది. రెండూ అంచుల్లో చిరిగాయి. బాగున్నంత మేర కత్తిరించి, మా అయిదేళ్ల పాపకు జాకెట్ కుట్టిద్దామనుకున్నాం. దర్జీ అడిగిన మొదటి మాట... ‘‘పైకి ఏది మేడమ్, లోపలికేది?’’

‘‘నాది లోపలికెయ్యి బిడ్డా’’ అంది అత్తమ్మ వెంటనే. ఆమెది పెద్దమనసే. నాకే మనసొప్పలేదు. రెండువైపులా తొడుక్కునేలా కుట్టమన్నాను.

‘‘అట్లయితే గుండీలతోనే తిప్పలు’’ అన్నాడాయన. నిజమే. మామూలు గుండీ ఒకవైపే ఉంటుంది. జాకెట్‌ను తిరగేస్తే అది లోపలికి పోయి ఒంటికి గుచ్చుకుంటుంది. అందుకని టిచ్ బటన్లు పెట్టాం. 1885లో జర్మనీలో హెరిబెర్ట్ బావర్ పేటెంటు తీసుకున్నది ఇలాంటి వాటికే. మగవాళ్ల ప్యాంట్ల కోసం పుట్టిన ఈ గుండీ మన జాకెట్ల దాకా వచ్చింది.

దీంట్లో కిటుకు ఇదీ. కుడి పట్టీకి లోపలివైపు గుంట ముక్క, ఎడమ పట్టీకి పైవైపు గుబ్బ ముక్క కుట్టాలి. తిరగేసి తొడుక్కుంటే ఎడమ పట్టీ కుడివైపుకు వస్తుంది. గుబ్బ లోపలికి తిరుగుతుంది. గుంట బయటికి తిరుగుతుంది. మళ్లీ కుడి మీద ఎడమ కాదు, ఎడమ మీద కుడే! రెండువైపులా ఒకే తీరుగా పడుతుంది.

మిషనుతో నొక్కే రకం బటన్లు వద్దనుకున్నాం. అవి బట్టను పొడుచుకుని పోతాయి. పాత నూలు పోగులు తెగితే ఆ చిల్లు పెద్దదవుతూనే ఉంటుంది. అమ్మ చీర మళ్లీ దొరకదు కదా! అందుకే చేత్తో కుట్టే రకం తీసుకున్నాం. రెండు పొరలూ కలిపి కుట్టేయకముందే బటన్లు పెట్టాలి. ముందుగా బటన్ వచ్చేచోట లోపల బక్రం పట్టీ పెట్టాలి. సూది ఆ ఒక్క పొరనూ బక్రాన్నీ పట్టుకుంటే చాలు, అవతలి పొరను తాకకూడదు. ఒక్కో రంధ్రానికి మూడు నాలుగు కాజాకుట్లు. గుబ్బలు ముందు కుట్టి, వాటికి సుద్ద రాసి ఎదుటి పట్టీకి అద్దితే గుంటలు ఎక్కడ రావాలో గుర్తు పడుతుంది. తుప్పు మరక పడకుండా ఇత్తడివి చూసుకోవాలి. విప్పేటప్పుడు పట్టీ కొస పట్టుకుని లాగకుండా, బటన్ పక్కనే పట్టుకుని విప్పడం పాపకు నేర్పాం.

ఇప్పుడు బయటికెళ్లే ప్రతిసారీ మా పాప అడిగేది ఒక్కటే... ‘‘ఇయ్యాల అమ్మమ్మా, నాయనమ్మా?’’ నాయనమ్మ వైపు తొడుక్కున్న రోజు అత్తమ్మ పైకి ఏమీ అనదు. బటన్లు మాత్రం ఎవర్నీ పెట్టనివ్వదు.