పడకే పథ్యం కాదు

ఆస్పత్రిలో పెద్దవాళ్లను పలకరించడానికి వెళ్లినవాళ్లందరిదీ ఒకటే మాట – "కదలకండి, పడుకోండి!" ఆ పడకే కాళ్లకు చేటు. 2007లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లనే 10 రోజులు మంచంమీద ఉంచితే కాళ్ల కండ దాదాపు కిలో తరిగిపోయింది!

నిరుడు మా అత్తగారిని న్యుమోనియాతో నరసరావుపేటలో చేర్చాం. ఆయాసం తగ్గాక, డాక్టరుగారు సరేనంటే, కుర్చీలో కూర్చోబెట్టే అన్నం పెట్టాను. రోజుకు మూడుసార్లు చెయ్యి పట్టుకుని వరండాలో నడిపించాను. జావతో సరిపెట్టక గుడ్డు, ముద్దపప్పు, పెరుగు పెట్టాను. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టర్ని అడక్కుండా ఇవి పెంచకూడదు సుమా!

"ముసలిప్రాణాన్ని ఇంత కష్టపెట్టాలా వదినా?" అని గురజాల నుంచి వచ్చిన ఆడపడుచు నొచ్చుకుంది. ఎనిమిదో రోజు ఇంటికొచ్చాక, అత్తగారు ఎవరి సాయమూ లేకుండా బాత్‌రూంకి వెళ్లొచ్చారు.

పెద్దవాళ్లను చూడ్డానికి వెళ్లేటప్పుడు, పళ్లతోపాటు జారని చెప్పులు కూడా పట్టుకెళ్లండి.